ఒంటరి నక్షత్రము: నెల్లూరు సంఘము నిలిచిన విధము

సంఘమునకు లేమి క్రొత్తది కాదు. తోటలలో కూలిచేయు కుటుంబములు కూడి ఒక చిన్న ప్రార్థనాలయమును నిలువబెట్టుకొన్నచోట దీపమునకు నూనె, పిల్లలకు పలకలు, ఉపదేశకునికి జీతము, వానకు కారు పైకప్పు, ఇవన్నియు నెలనెలయు పెద్దల యెదుటికి వచ్చుచునే యుండును. అట్టి సమయమున “ఇంత కొద్దిమంది కొరకు ఇంత వ్యయ మేల?” యను ప్రశ్న పుట్టును. ఈ ప్రశ్ననే నూట డెబ్బది సంవత్సరములకు పైగా క్రిందట, తెలుగుదేశములోని యొక చిన్న సంఘమును గూర్చి అమెరికాలోని పెద్దలు సభచేసి అడిగిరి. ఆ సంఘము నెల్లూరు సంఘము. దాని చరిత్ర తోటలకు వెళ్లిన తెలుగువారి సంతతికి పరాయిది కాదు. ఏలయనగా ఆ సంఘపు సంతానమే పిమ్మట సముద్రము దాటి తోటకూలీల యొద్దకు వచ్చెను.

1836వ సంవత్సరమున శామ్యూల్ డే దొరగారు భార్యతోకూడ హిందూదేశమునకు వచ్చిరి. విశాఖపట్టణము, శ్రీకాకుళము, మద్రాసు అను స్థలములలో కొంతకాల ముండి, తెలుగు నేర్చుకొని, 1840లో నెల్లూరు చేరిరి. ఆ సంవత్సరమే పెన్నానదిలో మొదటి తెలుగువానికి బాప్తిస్మ మియ్యబడెను. 1844లో కొద్దిమంది సభ్యులతో నెల్లూరు సంఘము స్థాపింపబడెను. బజారులలో బోధ జరిగెను, పత్రికలు పంచబడెను, బడి నడిపింపబడెను. గాని సంఘములో చేరినవారు బహు తక్కువ.

ఇంతలో అమెరికాలో కష్టము పుట్టెను. నల్లవారిని దాసులుగా నుంచుకొనుట న్యాయమా కాదా యను వివాదమువలన 1845లో అక్కడి బాప్తిస్టులు ఉత్తరపువారు, దక్షిణపువారు అని రెండుగా చీలిరి. నెల్లూరు పని ఉత్తరపు వారి పాలికి వచ్చెను. వారి మిషను సంఘమునకు అప్పు లుండెను. డే దొరగారు జబ్బుపడి స్వదేశమునకు వెళ్లవలసినవారైరి. ఫలము కనబడని ఈ పనిని విడిచిపెట్టుదమా యను ఆలోచన అప్పుడే మొదటిమారు పుట్టెను. డే దొరగారు బ్రతిమాలుకొనగా పని నిలిచెను. 1849లో ఆయనతోకూడ లైమన్ జూవెట్ దొరగారు, ఆయన భార్యయు నెల్లూరునకు వచ్చిరి.

1853లో మరల అదే ప్రశ్న వచ్చెను. ఆ సంవత్సరము న్యూయార్కు రాష్ట్రములోని ఆల్బనీ పట్టణమున వార్షిక సభ కూడెను. బర్మాలో కరెనులు వేలకొలది సంఘములలో చేరుచుండిరి. నెల్లూరిలో ఏండ్లు గడచినను చెప్పుకొనదగిన వృద్ధి లేదు. కావున నెల్లూరు మిషనెరీలను బర్మాకు పంపుట మేలని కొందరు చెప్పిరి. లెక్కను బట్టి చూడగా వారి మాటలో తప్పు కనబడలేదు. అప్పుడు సభా కార్యదర్శి ఎడ్వర్డ్ బ్రైట్ గారు లేచి, నెల్లూరిలోని ఆ చిన్న సంఘమునకు ‘మిమ్మును విడిచిపెట్టుచున్నా’ మని ఉత్తరము వ్రాయుట కెవరికి చేయివచ్చునని అడిగిరి. దేశపటములో బర్మా వైపున మిషను స్థలములను చూపు నక్షత్రములు అనేకము లుండగా, ఇటు తెలుగుదేశములో నొక్కటే యుండెను. దానిని ‘ఒంటరి నక్షత్ర’ మని సభలో నెవరో పిలిచిరి. అమెరికా దేశభక్తి గీతమును రచించిన శామ్యూల్ ఫ్రాన్సిస్ స్మిత్ గారు ఆ రాత్రియే ఆ పేరుమీద నొక పద్యము వ్రాసిరి. మరునాడు అది చదువబడగా సభవారి మనస్సులు కరిగెను. నెల్లూరు పని నిలుపబడెను. ‘ఒంటరి నక్షత్రము’ అను పేరు ఆ మిషనునకు స్థిరమాయెను.

పద్యమువలన మనస్సు కరిగినను సంచి నిండదు. నెల్లూరు సంఘము ఆ తరువాతను పేదదిగానే యుండెను. అయితే 1854 జనవరి 1వ తేదీ తెల్లవారుజామున జూవెట్ దంపతులును, ముగ్గురు తెలుగు విశ్వాసులును ఒంగోలు ప్రక్కనున్న కొండ యెక్కి, చుట్టునున్న గ్రామములకొరకు ప్రార్థన చేసిరి. ఒంగోలులో అప్పటికి వారికి ఇల్లు లేదు, బడి లేదు, బోధకుడు లేడు. తమ సంఘమే మూయబడునేమో యను స్థితిలోనున్న యీ యైదుగురు మరియొక పట్టణమునకు సువార్తికుని పంపుమని వేడుకొనిరి. ఆ కొండకు పిమ్మట ‘ప్రార్థన కొండ’ యను పేరు కలిగెను.

1861లో అమెరికాలో ఉత్తర దక్షిణ రాష్ట్రముల నడుమ యుద్ధ మారంభమయ్యెను. కాగితపు డాలరు విలువ పడిపోయెను. అంతకుముందు ఇచ్చినంత కానుకనే ఇచ్చినను హిందూదేశమునకు చేరు రూపాయలు తగ్గెను. జూవెట్ దొరగారు 1862లో ఆరోగ్యము చెడి స్వదేశము చేరునప్పటికి, తెలుగు మిషనును మూయు మాట మూడవమారు వచ్చెను. మిషను సహాయము చేసినను చేయకున్నను తాను తిరిగిపోయి తెలుగువారి నడుమనే బ్రదికి, వారి నడుమనే చనిపోవుదునని ఆయన దృఢముగా చెప్పిరి. అంత పట్టుదలగల వానిని విడిచిపెట్టుటకు పెద్దలకు మనసొప్పలేదు. 1864 నవంబరులో ఆయన యోడ యెక్కినప్పుడు జాన్ క్లౌ దొరగారు కూడ వచ్చిరి. క్లౌ దొరగారు యౌవనమున భూములు కొలుచు సర్వేపని నేర్చినవారు. ఆ పని పిమ్మట తెలుగువారికి ఎంత యుపయోగమగునో అప్పు డెవరికి తెలియదు.

క్లౌ దొరగారు 1866లో ఒంగోలులో కాపురము పెట్టిరి. 1867 జనవరి 1వ తేదీన ఎనిమిదిమందితో ఒంగోలు సంఘము స్థాపింపబడెను. దీనికి దారి తీసినవారు పట్టణపు ధనవంతులు కారు. తాళ్లకొండపాడు గ్రామములో తోళ్లపని చేయు మాదిగ కులస్థుడు యెర్రగుంట్ల పేరయ్యగారు విశ్వసించి, తన బంధువులకు, తాను తోళ్ల వ్యాపారమునకు తిరుగు గ్రామములకు ఆ మాట చేరవేసెను.

అప్పుడు ఒంగోలు సంఘమునకు గొప్ప పరీక్ష వచ్చెను. పై కులముల పిల్లలు మిషను బడికి వచ్చుచుండిరి. వారి తండ్రులు మర్యాదగలవారు, కలిగినవారు. మాదిగలను చేర్చుకొనినయెడల తమ పిల్లలను పంపమని వారు చెప్పిరి. లెక్క చూచువారికి ఎవరివైపు నిలువవలెనో తేటగానే కనబడును: ఒకవైపు చదువు, పలుకుబడి, ధనము, మరియొకవైపు ఊరివెలుపల గుడిసెలు. క్లౌ దొరగారును ఆయన భార్యయు, వేర్వేరుగా బైబిలు తెరచినప్పుడు, పౌలు కొరింథీయులకు వ్రాసిన మొదటి పత్రికలో ఘనులనేకులు పిలువబడలేదను మాటయే ఇద్దరికి దొరికెనని చెప్పుదురు. వారు మాదిగలను విడువలేదు. బడి ఖాళీ యయ్యెను. అయినను సంఘము అచ్చటినుండియే పెరుగ నారంభించెను.

అది ఎట్లు పెరిగెనో గమనింపదగినది. ఆ గ్రామస్థులకు జీతములు రూకలలో వచ్చునవి కావు. పంటకాలమున కళ్లములో రైతు కొలిచి యిచ్చు మేర గింజలే వారి యాదాయము. దానికి బదులుగా వారు చెప్పులు, మోటబావికి తోలు బాన కుట్టి యిచ్చి, పొలముపని చేయుదురు. కావున గ్రామ సంఘము బోధకుని పోషించుటయు ఆ విధముగానే జరిగెను. తమ గురువునకు పూర్వము గింజలు, అన్నము పెట్టు అలవాటున్నవారే ఇప్పుడు తమ బోధకునికి పెట్టిరి. చెట్టునీడ ప్రార్థనాలయ మయ్యెను. మిషను సొమ్ము కొంత సహాయముచేసెను, గాని గ్రామములో సంఘము నిలుచుటకు అదియే ఆధారము కాలేదు. బోధకులకు చదువు చెప్పుటకు 1872లో రామాయపట్టణమున వేదపాఠశాల తెరవబడెను.

1876 మొదలు 1878 వరకు దక్షిణ దేశములో ఘోరమైన కరవు వచ్చెను. అప్పుడు సర్కారువారు బకింగుహాము కాలువను త్రవ్వించుచుండిరి. క్లౌ దొరగారు మూడున్నర మైళ్ల పని కంట్రాక్టుగా తీసికొనిరి. కొలతపని నేర్చినవారు గనుక ఆ పని చేయింపగలిగిరి. సంఘ బోధకులు మేస్త్రీలుగా నిలిచిరి. ఆకలితో వచ్చినవారికి అక్కడ దొరికినది బిచ్చము కాదు, కూలి. ఇతర కాలువ పనులలో బీదలు తిట్లు, దెబ్బలు తినుచుండగా, ఇక్కడ తమవారే మేస్త్రీలుగా నుండుటచే వారు మనుష్యులుగా చూడబడిరి. కొలిమిలోనుండి వచ్చినట్లు కరవులోనుండి వచ్చిన యీ ప్రజలలో అనేకులు సంఘములో చేరెదమని అడిగిరి.

ఇక్కడ క్లౌ దొరగారు చేసినది చరిత్రలో నిలువదగినది. సభ్యుల సంఖ్య పెంచుకొనుటకు అంతకంటె సులభమైన కాలము లేదు. సంఖ్య పెరిగినయెడల అమెరికాలో కానుకలును పెరుగును. అయినను కూలికొరకు, కూటికొరకు చేరిరన్న మాట రాకుండునట్లు, కరవు సహాయము జరుగుచున్నంతకాలము, అనగా 15 నెలలు, ఆయన ఒక్కరికిని బాప్తిస్మ మియ్యలేదు. పని ముగిసి, ఇయ్యవలసిన సొమ్ము ఏమియు లేదని చెప్పిన తరువాతను జనులు వచ్చిరి. 1878 జూలై 3వ తేదీన వెల్లంపల్లి యొద్ద గుండ్లకమ్మ నదిలో ఒక్కదినమున 2,222 మందికి బాప్తిస్మ మియ్యబడెను. ఆ సంవత్సరాంతమునకు ఒంగోలు సంఘ సభ్యులు పన్నెండువేలకు మించిరి. ఇరువది యైదేండ్లక్రిందట మూయబడవలసిన మిషను ఇదియే.

అయితే వృద్ధితో లేమి తీరెనని తలంపరాదు. వృద్ధియే మరియొక లేమిని తెచ్చెను. పన్నెండువేల మందికి అక్షరములు నేర్పువా రెవరు? దూర గ్రామములలో వారిని ఆదరించువా రెవరు? కంభము, వినుకొండ, నరసరావుపేట, బాపట్ల మొదలగు స్థలములలో క్రొత్త స్టేషను లేర్పడెను, వ్యయము పెరిగెను. అమెరికానుండి వచ్చు సొమ్ము దానికి చాలలేదు. తెలుగు సంఘములు తమ భారము తామే మోయవలెనను మాట నానాట బలపడెను. పొయ్యిమీద కుండ పెట్టుటకు ముందు పిడికెడు బియ్యము తీసి వేరుంచు తల్లుల అలవాటు, పంటకాలపు మొదటి గింజల కానుక, ఇట్టివే గ్రామ సంఘములకు నిధులయ్యెను. కొన్ని సంఘములు త్వరగా నిలదొక్కుకొనెను. కొన్ని చిరకాలము మిషనుమీదనే ఆనుకొని యుండెను.

ఈ ప్రయత్నమునకు గొప్ప ఫలము 1903లో కనబడెను. నేటాలు దేశమునకు తెలుగు కూలీలు 1860 మొదలు పోవుచుండిరి. ఆ సంవత్సరము నవంబరు 16వ తేదీన మద్రాసునుండి ‘ట్రూరో’ అను ఓడ డర్బను చేరెను. నెల్లూరు ప్రాంతపు క్రైస్తవ కుటుంబములును అట్లు వెళ్లినవారిలో నుండిరి. వారి యొద్దకు పంపుటకు తెలుగు బాప్తిస్టులు తమ హోం మిషను సొసైటీ పక్షముగా జాన్ రంగయ్యగారిని ఏర్పరచి, కుటుంబముతో నేటాలునకు పంపిరి. ఒకప్పుడు ఇతర దేశపు కానుకలతో బ్రదికిన సంఘము ఇప్పుడు తన కానుకలతో ఇతర దేశమునకు సేవకుని పంపెను. ఆ సంవత్సరమే స్టాంగరు సమీపమున కీర్స్‌నీ తేయాకు తోటలో మొదటి తెలుగు బాప్తిస్టు సంఘము స్థాపింపబడెను.

నేటాలు కూలీల స్థితి తెలిసినగాని ఆ సంఘపు కానుకల విలువ తెలియదు. ఒడంబడిక కూలికి మొదటి సంవత్సరము నెలకు 10 షిల్లింగులు, ఏటేట ఒక్కొక్క షిల్లింగు పెరిగి అయిదవ సంవత్సరమున 14 షిల్లింగులు జీతము. చీటి లేనిదే తోట దాటరాదు. 1895 చట్టమునుబట్టి, ఒడంబడిక తీరినపిమ్మట మరల ఒడంబడకయు స్వదేశమునకు పోకయు నిలిచినవారు ఏటేట 3 పౌనులు పన్ను చెల్లింపవలెను. అది మొదటి సంవత్సరపు ఆరునెలల జీతమునకు సమానము. 1903లో ఆ పన్ను 16 ఏండ్లు దాటిన కొడుకులకు, 13 ఏండ్లు దాటిన కుమార్తెలకును విధింపబడెను. 1914లో అది కొట్టివేయబడువరకు అనేక కుటుంబములు దానిక్రింద నలిగెను. ఇట్టివారు సంఘపు పెట్టెలో వేసిన ప్రతి పెన్నీయు పస్తుండి మిగిల్చినదే.

అంతియేగాక అక్కడి సంఘమునకు స్థిరమైన చోటు లేదు. ఒడంబడిక తీరగానే కుటుంబములు మరియొక తోటకో, గనికో, పట్టణమునకో పోవును. నేడు నలువదిమంది కూడినచోట మరుసటి యేడు పదిమంది మిగులుదురు. 1911లో కూలీలను పంపుట నిలిచిపోయెను. తేయాకు తోటలు క్షీణించి చెరకుతోట లాయెను. రంగయ్యగారు 1915లో మరణించునప్పటికే సంఘములలో భేదములు పుట్టి రెండు కూటములు ఏర్పడెను. లేమి సంఘములను చంపలేదు, గాని ఐకమత్యము లేకపోవుట వాటికి చాల గాయము చేసెను. అయినను ఆ రెండు కూటముల పరంపరయు దక్షిణాఫ్రికాలో నేటికిని నిలిచియున్నది. ఆరాధనలో తెలుగునకు బదులు చాలవరకు ఇంగ్లీషు వచ్చినను, వాటి మూలము కీర్స్‌నీ తోటలోని కూలీల కూటమే.

చదువరులారా, ఈ చరిత్రలో రెండు సంగతులు తేటగా నున్నవి. దూరపు సహాయము దీపమును ఆరిపోకుండ కాపాడెను. ఆల్బనీలో నిలిచిన పెద్దలను, ప్రాణమొడ్డిన జూవెట్ దొరగారిని మరువరాదు. అయితే దీపము పెద్దదైనది మాత్రము ఊరివారు తమ గింజలతో తమ బోధకుని పోషించిన నాటినుండియే. పేదలు ఎప్పటికిని పుచ్చుకొనువారే యని అనుకొనుట పొరపాటని గుండ్లకమ్మ తీరమును, కీర్స్‌నీ తోటయు సాక్ష్యమిచ్చుచున్నవి.

కావున సంఘపు లెక్కలు చూచునప్పుడు రాబడియు వ్యయమును దాచక అందరి యెదుట చదువుడి. కానుక చిన్నదని ఎవరును సిగ్గుపడకుందురు గాక. క్రొత్తగా వచ్చినవాని కులమును, సంచిని చూచి చోటు చూపకుడి. తమలో తాము విడిపోకుడి. పెట్టెలో ఎంత యున్నదని అడుగునప్పుడే, మన యొద్దనుండి మరియొక తోటకు ఎవరిని పంపగలమనియు అడుగుడి. ఒంగోలు కొండమీద ఆ యైదుగురు అడిగినది అదియే.