పాతబస్తీ ఎండలో స్ఫటికత వాదం – లిథియం ఎలక్ట్రోలైట్లలో ఘనరేణువుల పాత్రపై ఒక పునఃపరిశీలన

పాలిమర్ ఎలక్ట్రోలైట్లపై మన విశ్వవిద్యాలయాల్లో వచ్చిన సిద్ధాంత గ్రంథాలు నాలుగు తిరగేస్తే చాలు, ఒకే తీర్మానం మళ్లీ మళ్లీ ఎదురవుతుంది. నానో రేణువులు కలిపారు, పాలిమర్ స్ఫటికత తగ్గింది, అందువల్ల వాహకత్వం పెరిగింది. ఎక్స్‌రే వివర్తన పటంలో శిఖరం కాస్త వెడల్పయిందంటే లిథియం అయాను ఎలా నడిచిందన్న విచారణ అక్కడితో ముగిసినట్టే. నా పేచీ ఈ తీర్మానంతోనే.

దీనికి మూలం 1998లో నేచర్ పత్రికలో రోమ్‌కు చెందిన క్రోచె, స్క్రొసాటి బృందం ప్రచురించిన వ్యాసం. పాలీఇథిలీన్ ఆక్సైడ్, లిథియం పెర్‌క్లోరేట్ మిశ్రమంలో వారు టైటేనియా, అల్యూమినా నానో పొడులు కలిపారు. వాహకత్వం 50 డిగ్రీల దగ్గర సెంటీమీటరుకు సుమారు పదివేలో వంతు సీమెన్స్‌కూ, 30 డిగ్రీల దగ్గర లక్షో వంతుకూ చేరింది. వేడిచేసి చల్లార్చినప్పుడు పాలిమర్ గొలుసులు మళ్లీ బారులు తీరకుండా రేణువులు అడ్డుపడుతున్నాయని వారి వివరణ. మనవాళ్లు అక్కడే ఆగిపోయారు. అదే రోమ్ బృందం 2001లో అల్యూమినా ఉపరితలాన్ని ఆమ్ల, తటస్థ, క్షార రకాలుగా మార్చి చూసింది. పొడి అదే అయినా ఉపరితలం మారితే ఫలితం మారింది. క్షార ఉపరితలం వల్ల పెద్దగా ఒరిగిందేమీ లేదు. పైగా పాలిమర్ కరిగిన తర్వాత కూడా పెరుగుదల నిలిచే ఉంది. కరిగిన పాలిమర్‌లో తగ్గడానికి స్ఫటికత ఎక్కడుంది? ఈ రెండో వ్యాసాన్ని ఉదహరించకుండా మొదటిదాన్ని ఉదహరించడం సగం సాక్ష్యంతో తీర్పు రాయడమే. అదే 2001లో పీటర్ బ్రూస్ బృందం ఒక స్ఫటిక సంక్లిష్టంలో అయానులు అస్ఫటిక రూపంలో కన్నా బాగా కదులుతాయని చూపింది. దాన్నీ మన గ్రంథాలు పట్టించుకోలేదు.

నాకు అనుమానం మొదలైంది మాత్రం గ్రంథాలయంలో కాదు, పాతబస్తీలో ఎలక్ట్రిక్ ఆటోల బ్యాటరీలు విప్పి బాగుచేసే ఒక రేకుల షెడ్డులో. అక్కడి మెకానిక్ పాత ప్యాక్ విప్పి, నికెల్ పట్టీలు పీకి, ఒక్కో సెల్లుకు ఐఆర్ మీటరు ముళ్లు ఆనించి మిల్లీ ఓముల్లో రీడింగు చూస్తాడు. ఆ పని పొద్దున్నే చేస్తాడు. కారణం అడిగితే, “దుపహర్ కో సబ్ సెలాఁ అచ్ఛేచ్ దిక్తే సాబ్” అన్నాడు. మధ్యాహ్నం రేకు కాలాక చచ్చిన సెల్లు కూడా మంచిదానిలా రీడింగు చూపిస్తుందన్నమాట. వేడికి ద్రావణి స్నిగ్ధత పడిపోతుంది, అయాను వేగం పెరుగుతుంది, అంతర్నిరోధం తగ్గుతుంది. ప్రయోగశాల పత్రాల్లో 25, 30 డిగ్రీల దగ్గర కొలిచిన అంకెలకు ఇచ్చే గౌరవం ఆయన ఆ మధ్యాహ్నపు అంకెకు ఇవ్వడు.

ఆ వేడినే పాలిమర్‌కూ వర్తింపజేసి చూద్దాం. పాలీఇథిలీన్ ఆక్సైడ్ కరిగేది సుమారు 65 డిగ్రీల దగ్గర. మే నెలలో నీడలోనే 40 దాటే ఊళ్లో, ఎండలో నిలిపిన బండి సీటు కింద ప్యాక్ ఉష్ణోగ్రత అటువైపే జరుగుతుంది. స్ఫటికతను తగ్గించడమే రేణువుల పని అయితే, ఎండే ఆ పని చేసిపెట్టే చోట వాటికి ఇక కొలువే ఉండకూడదు. 2001 ఫలితాలు అలా చెప్పడం లేదు.

రేణువుల పని స్ఫటికతతో ముడిపడి లేదన్న సంగతి ద్రవ ఎలక్ట్రోలైట్లలో ఇంకా తేటగా కనబడుతుంది. ఇథిలీన్ కార్బొనేట్ రోధక స్థిరాంకం 40 డిగ్రీల దగ్గర 90కి చేరువ, కనుక లవణాన్ని బాగా విడదీస్తుంది. కానీ అది చిక్కన, పైగా 36 డిగ్రీల దాకా గడ్డగానే ఉంటుంది. డైమిథైల్ కార్బొనేట్ పలచన, రోధక స్థిరాంకం మాత్రం 3 దగ్గరే. ఒకటి అయానుల సంఖ్య చూసుకుంటే మరొకటి వాటి నడక చూసుకుంటుంది, అందుకే రెండూ కలిపి వాడతారు. ఇందులో రేణువు చేరితే ఏమవుతుందో 2004లో అనింద భట్టాచార్య, యోఆఖిమ్ మాయర్ చూపారు. భట్టాచార్య తర్వాత బెంగళూరు ఐఐఎస్‌సీలో ఆచార్యులయ్యారు. మిథనాల్‌లో లిథియం పెర్‌క్లోరేట్ కరిగించి సన్నని సిలికా పొడి కలిపితే, తడి ఇసుక లాంటి ఆ ముద్ద వాహకత్వం అసలు ద్రవాన్నే మించింది. ఆమ్ల స్వభావమున్న సిలికా ఉపరితలం పెర్‌క్లోరేట్‌ను పట్టి ఉంచుతుంది. జంటగా చిక్కుకున్న లిథియం విడుదలవుతుంది. రేణువులు ఒకదానికొకటి ఆనుకుని వల కట్టినప్పుడు వాటి అంచుల వెంట దారి ఏర్పడుతుంది. సిలికాతో వచ్చినంత లాభం అల్యూమినాతో రాలేదు. ఇక్కడ పాలిమర్ లేదు, గొలుసులు లేవు, స్ఫటికత మాటే లేదు. ద్రావణి విడదీయకుండా వదిలిన జంటలనే రేణువు విడదీస్తోంది. అందువల్ల ద్రావణి పేరు చెప్పకుండా ఫలానా పొడి మంచిదనడం అర్థం లేని మాట.

ఆ ప్రయోగం పలుచని ద్రావణంలో జరిగిందని, బ్యాటరీలో వాడేది ఒక మోలార్ దరిదాపు అని ఆక్షేపిస్తారు. అది మోతాదు సమస్యే కానీ సూత్రానికి తగిలేది కాదు. క్షిపణులకు వాడే థర్మల్ బ్యాటరీల్లో కరిగిన లవణాన్ని ఒడిసిపట్టే మెగ్నీషియం ఆక్సైడ్ పొడి వాహకత్వాన్ని తగ్గిస్తుందన్నదీ నిజమే, కానీ అక్కడ విడదీయడానికి జంటలేమీ మిగలవు.

స్ఫటికత వాదం చల్లని గదిలో పుట్టిన వాదం. మన ఉష్ణోగ్రతల్లో అది చెల్లదు. పాతబస్తీ అంచున బాలాపూర్‌లో పదార్థ పరిశోధన సంస్థ ఏఆర్‌సీఐ ఉంది, కాంచన్‌బాగ్‌లో డీఆర్‌డీవో ప్రయోగశాలలున్నాయి. మన ఎండకు తగిన ఎలక్ట్రోలైట్ ఇక్కడే రూపుదిద్దుకోవాలి. ఈ రంగంలోకి వచ్చే పరిశోధక విద్యార్థులకు నా విన్నపం ఇది: వివర్తన పటం పక్కన 45, 60, 75 డిగ్రీల దగ్గర వాహకత్వాన్నీ, లిథియం అభిగమన సంఖ్యనూ (మొత్తం ప్రవాహంలో లిథియం అయాను మోసే వాటా) ఇవ్వండి. అదే పొడిని పాలిమర్ లేని ద్రవంలోనూ కలిపి కొలవండి. ఆ రెండు పట్టికలు లేని గ్రంథాన్ని పరీక్షకులు వెనక్కి పంపాలి.