గోదావరి సీమ బాలురు ఏరుకొన్న నవలలు



కవుల చరిత్రలు మనకు కలవు. పత్రికల చరిత్రలును కలవు. చదువరుల చరిత్ర మాత్రము మిక్కిలి అరుదు. అందును పండ్రెండేండ్లకును పదునెనిమిదేండ్లకును నడుమనున్న బాలబాలికలు తమంతట తాము కోరి ఏమి చదివిరి, దేనిని దిండుక్రింద దాచుకొనిరి, దేనికొరకు తిట్లు తినిరి అను సంగతి ఏ గ్రంథమునందును ఒక్కచోట దొరకదు. తణుకు సీమను నడుమ నుంచుకొని, ఇటు నరసాపురము మొదలుకొని అటు రాజమహేంద్రవరము వరకును గల మన డెల్టా ప్రదేశమున ఆ కథ ఎట్లు నడచినదో నాకు తెలిసినంత మనవి చేయుదును.

మొదట బాలుర చేతికి వచ్చినది కథయే కాని, కోరి తెచ్చుకొన్న కథ కాదు. పరవస్తు చిన్నయసూరి నీతిచంద్రిక 1853లో వెలువడినది. అది బడిపుస్తకము. అందలి కాకియు, నక్కయు, తాబేలును బాలురకు ఇష్టములే. కాని వానిని వెన్నంటి వచ్చు ప్రశ్నలును, పంతులుగారి బెత్తమును ఇష్టములు కావు.

తరువాత కందుకూరి వీరేశలింగముగారు. ఆయన 1874లో ధవళేశ్వరమున బాలికల పాఠశాలను నెలకొల్పెను. నాలుగేండ్లకు, అనగా 1878లో, రాజశేఖర చరిత్రమును తన వివేకవర్ధని పత్రికలో ప్రకటింప మొదలుపెట్టెను. అది 1880లో పుస్తకమయినది. ఆయన ఉద్దేశము స్పష్టము: ముఖస్తుతులకు లొంగుటయు, జ్యోతిష్కులను బైరాగులను నమ్ముటయు కొంప తీయునని చూపుట. బాలురు ఆ గ్రంథమును చదువు తీరు వేరు. బంగారము చేసెదనని చెప్పి ఉన్న బంగారముతో ఉడాయించిన బైరాగి, అడవిలోని దొంగలు, చనిపోయినదనుకొన్న రుక్మిణి మగవేషముతో తిరుగుట, ఇవియే వారికి నవల. మిగిలినదంతయు వారు పుట తిప్పి దాటుదురు. గ్రంథకర్త వడ్డించినది ఒకటి, పిల్లలు తినునది మరియొకటి. ఆయనయే గలివరు యాత్రల ననుసరించి సత్యరాజా పూర్వదేశయాత్రలు రచించెను. పురుషులమీద స్త్రీలు పెత్తనము చేయు ఆడుమళయాళ దేశమునుగూర్చి అందు చదివి, మన సంఘమునకు తగిలిన ఎత్తిపొడుపును పోల్చుకొను బాలుడు నూటికొక్కడుండునేమో. ఆ వింతదేశమునకు పోవలెనని కోరనివాడు మాత్రము ఉండడు.

అదేకాలమున రాజమహేంద్రవరముననే మధిర సుబ్బన్నదీక్షితులుగారు కాశీమజిలీకథలు రచింపసాగిరి. అవి పండ్రెండు భాగములు. వానిని నవల అనవచ్చునా అని పండితులు వాదింతురు గాక! ఆ కూర్పునందలి సూక్ష్మమును చూడుడు. మణిసిద్ధుడు కాశికి పోవలెను, తోడు కావలెను. పశువుల కాపరి పిల్లవాడొకడు వచ్చెదననును. కాని మజిలీ మజిలీకిని తాను చూచిన వింతనుగూర్చి కథ చెప్పవలెనని షరతు పెట్టును. కథ చెప్పనిచో నడక సాగదు. చదువరియగు బాలుని హక్కును ఇంత సూటిగా చెప్పిన పుస్తకమును నేను మరియొకదానిని ఎరుగను. శృంగారము ఎక్కువయని కొందరు పెద్దలు ఈ భాగములను అటకమీద పెట్టెడివారు. అటకలెక్కుటలో మన బాలురకు మంచి సాధకము కుదిరినది ఆ రోజులలోనే అని నా ఊహ.

ఇక మన తణుకునకు చేరువనున్న ఖండవల్లికి వత్తము. 1867లో ఆ ఊర పుట్టినవారు చిలకమర్తి లక్ష్మీనరసింహముగారు. చిన్ననాటినుండియు చూపు మందము. కాలక్రమమున ఆ కొంచెమును పోయినది. చూపులేనివాడు ఊరివారినందరను ఇంత చక్కగా చూచుట ఆశ్చర్యము. రామచంద్ర విజయము, హేమలత మొదలగు నవలలచేత ఆయనకు కీర్తి వచ్చినది. కాని బాలురు ఆయనను తమవానినిగా చేసికొనుట 1920లో గణపతి వెలువడిన తరువాతనే.

గణపతి తిండిపోతు, సోమరి, అల్లరివాడు, చదువు రానివాడు. రానిచదువును ఇతరులకు చెప్పు బడిపంతులు. అంతకుముందు తెలుగు నవలలలో నాయకుడనగా ఆజానుబాహువు, సుగుణసంపన్నుడు. ఆ సుగుణవంతులను చూచి చూచి విసిగియున్న పిల్లలకు ఈ పొట్టివాడు ప్రాణమయ్యెను. గ్రంథకర్త పిల్లలకొరకు వ్రాయలేదు. చదువబెట్టుకొనక పాడగు కుటుంబముల దుస్థితిని పెద్దలకు చూపుటకే వ్రాసెను. అందుచేతనే ఈ పుస్తకమును పదునాలుగేండ్లప్పుడు చదివిననాడు నవ్వి నవ్వి కన్నీరు వచ్చును. ఏబదియేండ్లప్పుడు చదివిననాడు పేదరాలగు ఆ తల్లి ముఖము ముందుకు వచ్చి, ఆ నవ్వు గొంతులోనే ఆగును. రెండు చదువులును నిజమయినవే. 1948 డిసెంబరు 1వ తేదీన ప్రారంభమయిన విజయవాడ ఆకాశవాణి కేంద్రము తరువాతి కాలమున దీనిని నాటకముగా ప్రసారము చేయగా, అక్షరము రానివారుకూడ గణపతిని ఎరిగినవారయిరి.

1924లో మొక్కపాటి నరసింహశాస్త్రిగారి బారిష్టరు పార్వతీశము మొదటి భాగము వచ్చెను. ఇది మన సీమ సొత్తు. పార్వతీశముది మొగలితుర్రు. ఇంట చెప్పక బయలుదేరి, నిడదవోలున రైలెక్కి, చెన్నపట్టణము, కొలంబోలమీదుగా ఓడలో సీమకు పోవును. త్రోవలో తెలియక ఆడువారి టోపీ కొని తలపై పెట్టుకొనుట విననివారు మీలో ఉండరు. మొక్కపాటివారు తామే ఎడింబరోలో చదివివచ్చినవారు గనుక, ఆ దారిలోని ప్రతి అవమానమును కొలిచి వ్రాయగలిగిరి. ఇంటినుండి పారిపోవుట ప్రతి బాలునకును ఎప్పుడో ఒకప్పుడు తట్టు ఆలోచనయే. ఆ ఆలోచనను మన కాలువగట్లమీదినుండి ఎత్తికొని పోయి, లోకము చూపి, నవ్వించి తిరిగి ఇంటికి చేర్చిన పుస్తకమిది. మరియొక విశేషమును చెప్పవలెను. గణపతిలో కథనము గ్రాంథికమున సాగును. పార్వతీశము మాత్రము మనము అరుగుమీద మాటాడుకొను భాషలోనే తన కథను తాను చెప్పుకొనును. గిడుగు రామమూర్తి పంతులుగారు వ్యావహారికభాషకొరకు సభలలో ఎంత పోరాడిరో మీరెరుగుదురు. పిల్లలు ఏ సభకును పోలేదు. పార్వతీశము ప్రతిని చిరుగువరకు చదివి తమ తీర్పు నిచ్చిరి. గ్రాంథికమున మాటాడు నేనును ఆ తీర్పును కాదనలేను.

ఇది మనకే చెందిన వింత కాదు. ఇంగ్లండున 1719లో రాబిన్సన్ క్రూసోయు, 1726లో గలివరు యాత్రలును పెద్దలకొరకే పుట్టినవి. పిల్లలు వానిని కాజేసిరి. స్టీవెన్సన్ వ్రాసిన నిధిద్వీపపు కథవంటి, బాలురనే ఉద్దేశించిన నవలలు అచట బలపడుటకు నూటయేబది సంవత్సరములు పట్టినది. మనము నవల ఆరంభించినదే 1878లో. కనుక మన పిల్లలు కొంతకాలము పెద్దల కంచములోనిది ఎత్తుకొని తినవలసి వచ్చినదనుట న్యాయము.

అయితే ఆ కంచము అందవలెను గదా! భీమవరమునకు సమీపమున కుముదవల్లి యను పల్లెలో 1897లోనే వీరేశలింగ కవిసమాజ గ్రంథాలయము వెలసినది. 1914లో బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ మహాసభ జరిగినప్పుడు అధ్యక్షపీఠ మెక్కినవారు మన చిలకమర్తివారే. ఆ యుద్యమమునకు ప్రాణము పోసినవారు అయ్యంకి వెంకటరమణయ్యగారు. 1935లో పాతూరి నాగభూషణముగారు కృష్ణాడెల్టా కాలువలలో పడవపై పుస్తకములను పెట్టి ఊరూర పంచిరి. ఇంత చేసిన జాతి, పుస్తకమును పిల్లవాని చేతి కిచ్చుటకు మాత్రము వెనుదీసినది. నా చిన్ననాట మా ఊరి గ్రంథాలయమున బీరువా తాళపుచెవి ఒక పెద్దమనిషి మొలత్రాటనుండెడిది. భాగవతము అడిగిన తీసెడివాడు. నవల అడిగిన మా నాయనగారితో చెప్పెదననెడివాడు. ఆయన చెడ్డవాడు కాడు. ఊరి పిల్లలు చెడుదురను భయము ఆయనది. కాని ఆ బీరువాలోని నవలలను చివరకు చదివినవి చెదపురుగులు.

బాలికల స్థితి ఇంకను కష్టము. వారికి బీరువాదాకా పోవుటకే వీలు లేదు. వీరేశలింగముగారు 1883లో వారికొరకు సతీహితబోధిని యను పత్రికను పెట్టెను. పేరే చెప్పుచున్నది అందు ఏమి దొరకునో. వారపత్రికలలో సీరియళ్లు వచ్చిన కాలమున, 1960 తరువాత, అక్క చదువుచున్న నవలను చెల్లెలు తలుపు వెనుకనుండి చదివినది. మన జిల్లాయందలి బొమ్మిడిలో పుట్టిన రంగనాయకమ్మగారి రచనలు ఎందరో బాలికల చేతికి ఆ విధముగనే చేరినవి. పెద్దలకని వ్రాసిన పుస్తకమును ఎత్తుకొని చదువు పాత ఆచారమే ఇచటను నడచినది. మగపిల్లలకంటె వీరు దొరికిపోవుట తక్కువ.

పిల్లలకొరకే అను రచన మనకు బలముగా వచ్చినది రేడియో అన్నయ్య న్యాపతి రాఘవరావుగారు, ఆయన భార్య కామేశ్వరిగారు 1945లో బాల పత్రికను స్థాపించుటతో. 1947 జూలైలో చందమామ వెలువడెను. దాసరి సుబ్రహ్మణ్యముగారి తోకచుక్క 1954లో అందు మొదలయ్యెను. తరువాత మకరదేవత, కంచుకోట, జ్వాలాద్వీపము, రాకాసిలోయ. నెలకొక్క భాగము. ఆ నెల గడచుట ఎంత కష్టమో ఆనాటి పిల్లలనే అడుగవలెను. చదివినవారిలో పలువురకు వ్రాసినవాని పేరైనను తెలియదు. చిత్రాగారి బొమ్మలు మాత్రము నేటికిని కండ్లకు కట్టియున్నవి. దాసరివారు 2010లో గతించిరి. మార్క్ ట్వేను టామ్ సాయరును నండూరి రామమోహనరావుగారు మన పల్లెటూరి కొంటెవానివలె మాటాడించిరి. ఆంధ్రపత్రిక వారపత్రికలో 1956-57 నాటి బుడుగును వ్రాసిన ముళ్లపూడి వెంకటరమణగారిది ధవళేశ్వరము, బొమ్మలు వేసిన బాపుగారిది నరసాపురము. గోదావరి ఆ చివర ఈ చివర కలిసి ఒక పిల్లవానిని కన్నదన్నమాట.

తణుకును ఆనుకొనియున్న మండపాకలో 1921లో దేవరకొండ బాలగంగాధర తిలక్ పుట్టెను. పదునొకండవ యేటనే ఆయన తొలి కథ మాధురి పత్రికలో అచ్చయినది. పదునొకండేండ్ల బాలుడు కథ వ్రాసెననగా, అంతకు ముందు ఎన్ని కథలు మ్రింగియుండవలెను! ఆ ఇంట బీరువాకు తాళము లేకుండెననియే నేను తలంచుచున్నాను.

చందమామ 2012 తరువాత ఆగిపోయినది. ఆంగ్లమున 1997లో వచ్చిన హారీ పోటరు కథ తెలుగున కూడ అచ్చయినది; నేటి బాలబాలికలు దానిని ఇంగ్లీషుననే చదువుటకు ఇష్టపడుచున్నారు. దాసరివారి సీరియళ్లు ఆయన పోయిన పిమ్మట పుస్తకములుగా కుట్టబడి వచ్చినవి. వానిని కొనువారిలో ఎక్కువమంది పిల్లలు కారు, నెరసిన తలలవారు. మనుమలకని కొందురు, త్రోవలో బస్సులోనే తాము చదువ మొదలుపెట్టుదురు.