స్తంభాల మీది వెలుగుతీగ: గుంటూరు, ప్రకాశం మైదానాల్లో దృశ్యప్రసార చరిత్ర

వ్యాససంగ్రహం

స్పష్టత చెడకుండా దృశ్యాన్ని దూరప్రాంతాలకు చేర్చడంలో ఆప్టికల్ ఫైబర్ తెచ్చిన మార్పును గుంటూరు, ప్రకాశం జిల్లాల పత్తి, మిరప మైదానాల నేపథ్యంలో పరిశీలించడం ఈ వ్యాస లక్ష్యం. ఫైబర్ దూరమనే సమస్యను పరిష్కరించినా, ప్రసారం నిలకడ మాత్రం విద్యుత్ స్తంభం మీద, స్థానిక కేబుల్ ఆపరేటరు పనితనం మీద ఆధారపడిందని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: ఆప్టికల్ ఫైబర్, కేబుల్ టీవీ, ఏపీ ఫైబర్‌నెట్, విద్యుత్ స్తంభాలు, నల్లరేగడి నేలలు.

1. ఉపోద్ఘాతం

తెలుగు పల్లెకు టెలివిజన్ మొదట ఆకాశమార్గాన వచ్చింది. 1975 ఆగస్టు 1న మొదలై ఏడాదిపాటు సాగిన ‘సైట్’ ప్రయోగంలో, ఏటీఎస్-6 ఉపగ్రహం ద్వారా ఆరు రాష్ట్రాల్లోని సుమారు 2400 గ్రామాలకు కార్యక్రమాలు ప్రసారమయ్యాయి. ఆ రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఒకటి. 1977లో హైదరాబాద్ దూరదర్శన్ కేంద్రం ప్రారంభమైంది. 1995లో ఈటీవీ వంటి ప్రైవేటు తెలుగు ఛానళ్లు వచ్చాక, ఇంటింటికీ తీగ లాగే కేబుల్ ఆపరేటరు గ్రామజీవనంలో భాగమయ్యాడు. 2022 ఏప్రిల్ 4 నాటి పునర్విభజనకు ముందున్న గుంటూరు, ప్రకాశం జిల్లాలు ఈ పరిశీలనకు పరిధి.

2. రాగితీగ పరిమితి

ఊరి ఆపరేటరు డిష్‌లతో ఉపగ్రహ సంకేతాన్ని అందుకొని, కోయాక్సియల్ తీగ ద్వారా ఇళ్లకు పంపేవాడు. ఆ తీగలో సంకేతం త్వరగా బలహీనపడుతుంది. అందువల్ల కొన్ని వందల మీటర్లకొకసారి యాంప్లిఫయర్ అమర్చవలసి వచ్చేది. యాంప్లిఫయర్ సంకేతంతోపాటు అందులోని రొదనూ పెంచుతుంది. ఫలితంగా తీగ మొదట ఉన్న ఇంటికి స్పష్టంగా కనిపించే బొమ్మ, ఊరి చివరి ఇంటికి చుక్కలతో చేరేది. ఒకే రుసుము చెల్లించే ఇళ్ల మధ్య ఈ తేడా సాంకేతికమైనదే అయినా, దాని ఫలితం సామాజికమైనది.

3. గాజుపోగు సాధించినది

1966లో చార్లెస్ కావో, జార్జ్ హాకమ్ గాజులోని మలినాలను తొలగిస్తే కాంతి ద్వారా దూరసమాచారం సాధ్యమని ప్రతిపాదించారు. కిలోమీటరుకు 20 డెసిబెల్‌ల నష్టాన్ని వారు హద్దుగా భావించారు. అంటే కిలోమీటరు దాటేసరికి వందో వంతు కాంతి మిగిలినా చాలు. 1970లో కార్నింగ్ సంస్థ ఆ హద్దును అందుకుంది. నేటి ఫైబర్‌లో 1550 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం వద్ద నష్టం కిలోమీటరుకు సుమారు 0.2 డెసిబెల్ మాత్రమే. 15 కిలోమీటర్లు ప్రయాణించాక కూడా సగం కాంతి మిగులుతుంది.

కుదించని హెచ్‌డీ దృశ్యానికి సెకనుకు సుమారు 1.5 గిగాబిట్ల సామర్థ్యం కావాలి. కుదింపు పద్ధతులు దీనిని పది మెగాబిట్ల లోపుకు తేగలిగాయి. ఇళ్లకు ఫైబర్ అందించే జీపాన్ పద్ధతిలో, ఒకే పోగు సెకనుకు సుమారు 2.5 గిగాబిట్లను 20 కిలోమీటర్ల వరకు మోసి, స్ప్లిటర్ సాయంతో పలు ఇళ్లకు పంచుతుంది. మధ్యలో విద్యుత్తుతో పనిచేసే యాంప్లిఫయర్ అక్కరలేదు. ఊరి చివరి ఇల్లు, మొదటి ఇల్లు అన్న తేడా ఇక్కడ దాదాపుగా చెరిగిపోయింది.

4. భూమిలో కాక స్తంభంపై

ఈ మైదానాల్లోని నల్లరేగడి వేసవిలో నెర్రెలు విచ్చుతుంది, వానలకు ఉబ్బుతుంది. భూమిలో వేసే ఏ తీగకైనా ఈ కదలిక పరీక్షే. అయితే ఫైబర్‌ను స్తంభాల మీదికి ఎక్కించిన ప్రధాన కారణాలు ఖర్చు, వేగం. 2015లో ఏర్పడిన ఏపీ స్టేట్ ఫైబర్‌నెట్ లిమిటెడ్ సుమారు 24 వేల కిలోమీటర్ల తీగను విద్యుత్ స్తంభాల మీదుగా లాగి, సబ్‌స్టేషన్లను కూడళ్లుగా చేసుకుంది. కాంతికి విద్యుదయస్కాంత క్షేత్రం అడ్డురాదు. లోహభాగాలు లేకుండా ఫైబర్ కేబుల్‌ను తయారు చేయవచ్చు. కనుకనే విద్యుత్ తీగల పొరుగున అది సాగగలిగింది. 2017 డిసెంబరు 27న గుంటూరు జిల్లా వెలగపూడిలో రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ఈ ప్రాజెక్టును జాతికి అంకితం చేశారు. ప్రారంభంలో నెలకు 149 రూపాయలకు టీవీ, ఇంటర్నెట్, టెలిఫోన్ కలిపి అందించడం దీని ప్రత్యేకతగా ఉండేది.

5. బలహీనత స్థానం మారిన తీరు

రాగితీగలో లోపం మెల్లగా ముదిరేది. బొమ్మ మసకబారుతూ ముందే హెచ్చరించేది. ఫైబర్‌లో బొమ్మ ఉంటే స్వచ్ఛంగా ఉంటుంది, తెగితే పూర్తిగా పోతుంది. కోయాక్సియల్ తీగను ఆపరేటరు కత్తితో చెక్కి, కనెక్టరు బిగించి అతికేవాడు. వెంట్రుకంత గాజుపోగును అతకడానికి స్ప్లైసింగ్ యంత్రం, దానికి తగిన శిక్షణ కావాలి. పైగా స్తంభం విద్యుత్ పంపిణీ సంస్థది, ప్రధాన తీగ ఫైబర్‌నెట్‌ది, ఇంటి కనెక్షన్ బాధ్యత స్థానిక ఆపరేటరుది. 2023 డిసెంబరు 5న బాపట్ల సమీపాన తీరం దాటిన మిచౌంగ్ వంటి తుఫానులో స్తంభం ఒరిగితే వెలుతురు, ప్రసారం రెండూ కలిసి పోతాయి. అప్పుడు వీక్షకుడి ఫిర్యాదు మొదట చేరేది ఆపరేటరుకే.

6. ముగింపు

ఆప్టికల్ ఫైబర్ ఈ మైదానాల్లో దూరం వల్ల కలిగే నష్టాన్ని దాదాపు తొలగించింది. బలహీనత మాత్రం సంకేతం నుండి స్తంభానికి, యాంప్లిఫయర్ నుండి మనిషి నైపుణ్యానికి మారింది. కాబట్టి ఈ చరిత్రను ప్రారంభోత్సవ తేదీలతో మాత్రమే రాస్తే అసంపూర్ణమవుతుంది. ఆపరేటర్ల వసూలు పుస్తకాలు, చేతితో గీసిన లైను పటాలు, మరమ్మతుల అనుభవాలు ఇందుకు ప్రాథమిక ఆధారాలు. రాగితీగ కాలం నాటి ఆపరేటర్లు వృత్తి విడిచిపోకముందే వీటిని సేకరించడం ప్రాంతీయ చరిత్ర పరిశోధకుల తక్షణ కర్తవ్యం.