స్టాన్‌ఫర్డు వనితల బాస్కెట్‌బాల్

స్త్రీల క్రీడలను గూర్చి తలచునపుడు కాలిఫోర్నియాలోని స్టాన్‌ఫర్డు విశ్వవిద్యాలయ చరిత్రను మనము తెలిసికొనదగును. 1896 ఏప్రిల్ 4వ తేదీన శాన్‌ఫ్రాన్సిస్కోలో ఆ విద్యార్థినులు బర్క్లీ జట్టుతో బాస్కెట్‌బాల్ ఆడి 2–1తో గెలిచినారు. అమెరికాలో రెండు విశ్వవిద్యాలయముల స్త్రీలు ఈ ఆటలో తలపడుట అదే ప్రథమము. చూచుటకు పురుషులకు ప్రవేశము లేదు.

మూడేండ్లకే, 1899లో, బయటి జట్లతో స్త్రీల పోటీలను అధ్యాపకవర్గము నిషేధించినది. 

ప్రభుత్వ ధనము పొందు విద్యాసంస్థలు స్త్రీలయెడ భేదము చూపరాదని 1972లో చట్టము వచ్చినది. పిమ్మట 1990, 1992, 2021లలో స్టాన్‌ఫర్డు వనితలు జాతీయ విజేతలైనారు.

మొదటి గెలుపునకు, జాతీయ విజయమునకు నడుమ 94 ఏండ్లు! ఆడపిల్లలకు నేర్పు కొరవడి ఇంత ఆలస్యము కాలేదు. ఈ ఉగాది ఆటలకు మన బాలికలను గూడ మైదానమునకు పిలుతము.