ఫోటోకి ముస్తాబు: కోనసీమలో ఒక పాత ముచ్చట

మన ఇళ్ళలో పాత ఫోటోలు గోడ దిగి అటకెక్కాయి. 1986 ఆగస్టు గోదావరి వరదలో కొన్ని పోయాయి, 1996 నవంబరు 6 తుపానులో మరికొన్ని. మా బంధువుల ఇళ్ళలో మిగిలినవాటిని ఈమధ్య ఒకచోట చేర్చి చూస్తే, పెద్దల మొహాలకన్నా పిల్లల బట్టలే నాకు ఎక్కువ సంగతులు చెప్పాయి. ఫోటోకి పిల్లవాడికి ఏ గుడ్డ తొడగాలన్నది ఒకప్పుడు ఇంటిల్లిపాదీ కూర్చుని తేల్చిన వ్యవహారం.

ఫోటో దిగడం మొదట్లో దొరలకీ జమీందార్లకీ చెల్లిన ముచ్చట. లాలా దీన్ దయాళ్ సికిందరాబాదులో స్టూడియో పెట్టి నిజాం ప్రభువుకి ఆస్థాన ఫోటోగ్రాఫరు అయ్యాడు. 1892లో హైదరాబాదులో ఘోషా స్త్రీల కోసం వేరే స్టూడియో తెరిచి, దానికి ఒక దొరసానిని నియమించాడు. ఆ వైభవం సంగతి అలా ఉంచితే, మన లంకల వాళ్ళకి స్టూడియోకి చేరడమే పెద్ద ప్రయాణం. కాటన్ దొర ఆనకట్ట 1852లో పూర్తయి కాలవలు వచ్చాక, వాటిమీద పడవలో అమలాపురం వెళ్ళాలి. కాదంటే ముక్తేశ్వరం రేవు దాటి, కోటిపల్లిలో రైలెక్కి కాకినాడ పోవాలి. ఆ రైలు 1928లో వచ్చింది, 1940లో యుద్ధావసరాలకని పట్టాలు పీకేశారు, మళ్ళీ 2004 దాకా రైలు లేదు. అందుచేత పిల్లల్ని ముస్తాబు చేసి బయల్దేరదీసేవారు కాదు. ఫోటో బట్టలు ట్రంకుపెట్టెలో మడతపెట్టి తీసుకెళ్ళి, రేవులో బురద కడుక్కున్నాక, స్టూడియో వెనక గదిలో తొడిగేవారు.

ఇక రంగుల తగువు. మా అమ్మ ఎనిమిదేళ్ళప్పటి ఫోటో ఒకటుంది. తను కట్టుకున్నది మిరపపండు రంగు పట్టు పరికిణీ అని చెప్పేది. ఫోటోలో చూస్తే అది కారునలుపు. ఆ కాలంలో వాడిన ఆర్థోక్రొమాటిక్ ప్లేట్లకి నీలం వెలుగు బాగా తెలుస్తుంది, ఎరుపు అసలు తెలియదు. చీకటిగదిలో ఎర్రదీపం పెట్టుకుని వాటిని కడగగలిగింది అందుకే. కాబట్టి ఎర్రగుడ్డ నల్లగా పడుతుంది, ఆకాశనీలం తెల్లబోతుంది, కుంకుమబొట్టు కాటుకచుక్కలా వస్తుంది. అన్ని రంగులూ పట్టే పాన్‌క్రొమాటిక్ ప్లేట్లు ఇంగ్లండులో 1906లోనే అమ్మకానికి వచ్చినా, చిన్న ఊళ్ళ స్టూడియోలవాళ్ళు పాతవాటినే చాలాకాలం వాడారు. శుభమా అని ఫోటో దిగుతూ ఎరుపు కాక మరేం కడతారని మా తాతమ్మ, లేతరంగు తెండమ్మా అని ఫోటోగ్రాఫరు. మా ఇంట్లో తాతమ్మే నెగ్గిందని వేరే చెప్పక్కర్లేదు.

తరవాత్తరవాత నలుపు తెలుపు ఫోటోల మీద చేత్తో రంగులు వేయడం వచ్చింది. దాన్ని నమ్మి బట్టల చరిత్ర రాయకూడదు. రంగులు వేసే అతని దగ్గర ఆవేళ ఏ రంగు కలిపి ఉంటే పరికిణీ ఆ రంగే!

నన్నడిగితే రంగుకన్నా కుట్టు నమ్మకమైన సాక్షి. ఎదిగే పిల్లకని పరికిణీ పొడుగ్గా కుట్టించి, అంచుపైన టక్కులు పెట్టించేవారు. ఏడాదికొక టక్కు విప్పేవారు. విప్పినచోట గీత మిగిలిపోతుంది. భూతద్దం పెట్టి గీతలు లెక్కపెడితే ఆ పరికిణీ ఎన్నేళ్ళనుంచి కడుతున్నదో చెప్పవచ్చు. అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ళు అందరివీ ఒకే గుడ్డయితే, అది పండక్కి ఒకే తానులో చింపించినదని అర్థం. 1943లో గుడ్డమీద కంట్రోలు వచ్చాక ఈ టక్కుల విలువ ఇంకా పెరిగింది. మిల్లు గుడ్డకి కార్డు కావాలి, మగ్గాలకేమో నూలు చాలదు. మా పక్క బండారులంక నేత ఎంత పేరున్నదైనా, ఫోటోకి మాత్రం మిల్లు గుడ్డో పట్టో కావాలనేవారు. నాకది ఎప్పుడూ అన్యాయంగానే తోచింది. 1960లు దాటాక టెరిలిన్ చొక్కాలు వచ్చి ట్రంకుపెట్టె మడతల బెంగ తీర్చాయి.

గుడ్డ కొనలేనివాళ్ళ సంగతి? కొన్ని స్టూడియోల్లో దువ్వెన, పౌడరు డబ్బాలతోపాటు మేకుకి ఒక కోటు వేలాడుతుండేది. పిల్లవాడికి అది తొడిగి వీపున పిన్నీసులు పెట్టేవారు, చేతులు మాత్రం లోపలే ఉండిపోయేవి. పైనుంచి రెండో బొత్తాం లేని కోటు ఒకటి మూడు కుటుంబాల ఫోటోల్లో నాకు కనిపించింది. అందులో ఒకరు భూస్వాములు, ఒకరు పాలికాపులు. (మన పింఛను కాగితాలకి ఇంటావిడతో జాయింటు ఫోటో దిగినరోజున నా చొక్కా ఏమిటని అడిగిన నాథుడు లేడు!)

ఆడపిల్లలకి వేసవిలో మల్లెమొగ్గల జడ వేయించి, వెనక నిలువుటద్దం పెట్టి, మొహం, జడ రెండూ పడేలా ఫోటో తీయించడం అందరికీ తెలిసిందే. మగపిల్లలదే చిక్కు. పుట్టువెంట్రుకలు వాడపల్లిలోనో, అంతర్వేదిలోనో, అప్పనపల్లిలోనో తీయించే ముందు, ఆ జుట్టుకి జడ వేసి, పరికిణీ కట్టి, నగలు పెట్టి ముచ్చటగా ఫోటో తీయించేవారు. వెనక పేరు రాయకపోతే రెండు తరాలకల్లా ఆ పిల్లవాడు పాపైపోతాడు.

అన్నట్టు, చెమ్మకి ఫోటో అద్దానికి అతుక్కుపోతే లాగకండి. పైపొర అద్దంతోనే ఊడివస్తుంది. అద్దంమీదనుంచే మరో ఫోటో తీయించుకోండి.

మా మేనమామగారింట అటువంటి ఫోటో ఒకటి ఉంది. జడ, పరికిణీ, కాసులపేరు, మూడేళ్ళుంటాయి. పెద్దలంతా పోయాక, అది మశూచికంతో పసితనంలోనే పోయిన మా పిన్నిదని అనుకుని, మనవలు ఏటా దండ వేస్తున్నారు. పటం కట్టు మార్చడానికి విప్పినప్పుడు వెనక పెన్సిలుతో స్టూడియోవారి నెంబరు, దానికింద 3-41, పక్కన మా తాతగారి అక్షరాలతో ‘వాడపల్లి మొక్కు’ అని కనిపించాయి. మా పిన్ని పోయింది 1937లో. ఫోటోలో ఉన్నది మా మేనమామే. ఇప్పుడా పటాన్ని ఆయన పెద్దప్పటి పటం పక్కకి మార్చారు. పిన్ని ఫోటో ఎవరింటా లేదు, అసలు తీయించనే లేదట. సర్వీసులో ఉండగా మా ఊరి జనన మరణాల పాత రిజిస్టరు ఒకసారి నా చేతికి వచ్చింది. అందులో 1937 కింద మా తాతగారి పేరు, ఆ పక్కన ‘కుమార్తె, 2 సం., మశూచికము’ అని ఒక వరస ఉంది. పేరు రాయలేదు.