యూ-505: ఒకే జలాంతర్గామి, రెండు అత్యవసర మరమ్మతులు

రెండో ప్రపంచ యుద్ధం నోట్స్‌లో అట్లాంటిక్ పోరును మనం రెండు లైన్లలో ముగిస్తాం. జర్మన్ యూ-బోట్లు సరుకు నౌకలను ముంచాయి, మిత్రరాజ్యాలు విమానాలు, రాడార్‌తో వాటిని అడ్డుకున్నాయి. అంతే. కానీ దెబ్బతిన్న జలాంతర్గామి లోపల ఏం జరిగేదో యూ-505 కథ చెబుతుంది. మెకానికల్ చదివిన నాకు ఇది బాగా నచ్చిన కేస్ స్టడీ.

నేపథ్యం: అప్పటి జలాంతర్గాములు నీటిపైన డీజిల్ ఇంజిన్లతో, నీటిలో బ్యాటరీ మోటార్లతో నడిచేవి. విశాఖలో ఐఎన్ఎస్ కురుసుర చూసినవారికి ఆ ఇరుకు ఇంజిన్ గది గుర్తుండే ఉంటుంది. అది తర్వాతి కాలపు సోవియట్ తయారీ అయినా నడిచే పద్ధతి ఇదే. నీటి ఒత్తిడిని ఆపే లోహపు పొట్టు చిరిగితే కిందికి వెళ్లలేదు. పైనే ఉంటే విమానాలకు దొరికిపోతుంది.

మొదటి మరమ్మతు: 1942 నవంబర్ 10న ట్రినిడాడ్ దగ్గర బ్రిటిష్ హడ్సన్ విమానం బాగా కిందికి దిగి బాంబులు వేసింది. ఒకటి డెక్‌పై పేలింది. ఆ పేలుడుకు విమానం కూడా కూలిపోయింది. పడవలో పంపులు ఆగిపోయాయి, ఇంజిన్ గదిలోకి నీళ్లు వచ్చాయి. పడవను వదిలేయమని కమాండర్ ఆదేశించాడు. కాపాడగలం, ప్రయత్నిద్దాం అని సాంకేతిక సిబ్బంది పట్టుబట్టారు. దాదాపు రెండు వారాలు పనిచేసి నీరు రాకుండా చాలావరకు మూసేశారు. తగ్గిన వేగంతో డిసెంబర్ 12న ఫ్రాన్స్‌లోని లోరియాంకు చేరారు. అక్కడ పూర్తి మరమ్మతుకు ఆరు నెలలు పట్టింది.

రెండో మరమ్మతు: 1944 జూన్ 4న పశ్చిమ ఆఫ్రికా తీరానికి దూరంగా అమెరికన్ నౌకలు దీన్ని పైకి రప్పించాయి. జర్మన్లు పడవ మునిగిపోయేలా చేసి దూకేశారు. అమెరికన్ నావికులు మునుగుతున్న పడవలోకి దిగారు. నీరు వస్తున్న గొట్టం మూతను జెనన్ లుకోసియస్ వెతికి బిగించాడు. తర్వాత ఇంజినీర్ ఎర్ల్ ట్రోసినో మరో ఉపాయం చేశాడు. పడవను లాగుతుంటే ప్రొపెల్లర్లు తిరుగుతాయి, వాటితో మోటార్లు జనరేటర్లలా పనిచేస్తాయి. అలా బ్యాటరీలు ఛార్జ్ అయ్యాయి, పంపులు నడిచాయి. జూన్ 19న పడవ బెర్ముడా చేరింది. అందులోని సంకేత పుస్తకాలు, ఎనిగ్మా సామగ్రి మిత్రరాజ్యాలకు దక్కాయి.

విశ్లేషణ: ప్రమాదంలో అధికారం ఒకరి దగ్గర, యంత్రం తెలిసిన బుద్ధి మరొకరి దగ్గర ఉండవచ్చు. 1942లో రెండోది గెలిచింది కాబట్టే సిబ్బంది ఇల్లు చూశారు. అదే నైపుణ్యం నాజీ జర్మనీకి ఒక ఆయుధాన్ని కూడా తిరిగి ఇచ్చింది. రెండేళ్లకు ఆ ఆయుధమే రహస్యాలతో సహా శత్రువు చేతికి చిక్కింది. నైపుణ్యానికి తనదంటూ పక్షం ఉండదు. అది ఎవరి కోసమో మనిషే ఆలోచించుకోవాలి. ఎథిక్స్ పేపర్‌లో ఈ ఉదాహరణ రాస్తే ఈ రెండు వైపులూ రాయండి.

ప్రస్తుతం యూ-505 షికాగోలోని మ్యూజియంలో ఉంది.