ఖరాద్ పని: ఉస్తాద్ చేతి నుంచి కంప్యూటర్ దాకా

లేత్ మిషన్‌ను మన ఇళ్లలో ఖరాద్ అనీ, దాని మీద పనిచేసేవాణ్ణి ఖరాదీ అనీ అంటారు. అరబ్బీ, ఫారసీల దారిన ఉర్దూలోకి వచ్చిన మాట ఇది. తెలుగువారి పాత మాట తరిమెన. రెండూ మొదట కొయ్య పనికి చెందినవే. మంచం కోళ్లు నునుపు చేసినచోట పుట్టినవి. ఇనుమును అట్లా గిరగిర తిప్పి కోయడం చాలా తర్వాతి సంగతి.

ఇనుముతో మన ప్రాంతానికి సంబంధం మాత్రం పాతదే. నేటి నిజామాబాద్ జిల్లాలోని కోనసముద్రంలో మూసల్లో కరిగించి చేసిన ఉక్కును పర్షియా వర్తకులు వచ్చి కొనుక్కుపోయేవారు. 1820ల్లో వాయిసీ అనే ఇంగ్లీషు డాక్టరు ఆ కొలుములను చూసి వివరంగా రాశాడు. దివ్య ఖురాన్‌లో సబా సూరా హజరత్ దావూద్ (అ.స.) వారి చేతిలో ఇనుము మెత్తబడిన సంగతి చెబుతూ, కవచపు కడియాలకు కొలత పాటించే మాట కూడా చెప్పింది. కొలత అనే ఆ మాట దగ్గరే ఖరాదీ కథ అంతా ఉంది.

ఇంగ్లండులో హెన్రీ మాడ్‌స్లే అనే ఆయన 12 ఏళ్ల వయసులో వూలిచ్ ఆయుధశాలలో పనికి చేరాడు. తర్వాత తాళాలు చేసే బ్రామా దగ్గర కుదిరాడు. వారానికి వచ్చే 30 షిల్లింగులు చాలడం లేదు, పెంచమంటే యజమాని కాదన్నాడు. 1797లో బయటికొచ్చి సొంత దుకాణం పెట్టుకున్నాడు. (జీతం పెంచని యజమానికి ఎంత నష్టమో చూడండి!) అప్పటిదాకా పనివాడు ఉలిని చేత్తో పట్టి లోహానికి ఆనించేవాడు. మాడ్‌స్లే దాన్ని స్లైడ్ రెస్టులో బిగించి, లీడ్ స్క్రూతో నడిపించి, పళ్ల చక్రాలతో జతచేశాడు. ఆ ఊహ ఆయనొక్కడిదే కాదు, అంతకు ముందూ కొందరు ప్రయత్నించారు. కానీ కార్ఖానాలో నిలిచిన రూపం ఆయనదే.

అప్పటి నుంచి నేర్పు చేతిలోంచి లెక్కలోకి పోయింది. లీడ్ స్క్రూ పిచ్ 6 మిల్లీమీటర్లు, మనకు 1.5 మిల్లీమీటర్ల మర కావాలి. అంటే నాలుగో వంతు. తిప్పే చక్రానికి 20 పళ్లు, తిరిగే చక్రానికి 80 పళ్లు పెట్టాలి. ఇది తెలిసినవాడు ఏ మరయినా కోస్తాడు. తెలియనివాడు ఉస్తాద్ పెట్టిన చక్రాలే పెట్టుకుని కూర్చుంటాడు.

తర్వాత ఉలి మారింది. మామూలు కార్బన్ ఉక్కు సుమారు 250 డిగ్రీల వేడికే మెత్తబడిపోతుంది. అమెరికాలో టేలర్, వైట్ అనే ఇద్దరు తయారుచేసిన హైస్పీడ్ స్టీలును 1900 పారిస్ ప్రదర్శనలో చూపించారు. అది 600 డిగ్రీల దాకా పదును నిలుపుకుంటుంది. 1920ల చివర జర్మనీ క్రుప్ కంపెనీ కార్బైడ్ తెచ్చింది, పేరు వీడియా. జర్మన్‌లో వజ్రం వంటిది అనే అర్థం వచ్చే మాటల నుంచి ఆ పేరు వచ్చింది. మన షెడ్లలో ఏ కంపెనీ కార్బైడ్ ముక్కనైనా వీడియా అనడం దాన్నుంచే. యాభై మిల్లీమీటర్ల మెత్త ఇనుప కడ్డీకి హైస్పీడ్ టూలుతో నిమిషానికి 30 మీటర్ల వేగం కావాలంటే మిషన్ 190 చుట్లు తిరగాలి. ఇదీ లెక్కే.

మన జంట నగరాల్లో ఈ పని పెద్ద ఎత్తున పాతుకున్నది నిజాం పాలన చివరి రోజుల్లో. ఆల్విన్ 1942లో, సికింద్రాబాదులో ప్రాగా టూల్స్ 1943లో మొదలయ్యాయి. 1953లో బెంగుళూరులో స్విట్జర్లాండు సహకారంతో పుట్టిన హెచ్.ఎం.టి. 1960ల్లో హైదరాబాదుకూ వచ్చింది. హెచ్.ఎం.టి. లేత్ మీద పని నేర్చానంటే ఏ షెడ్డులోనైనా కుర్చీ వేసి కూర్చోబెట్టే రోజులుండేవి. ఆ పెద్ద కార్ఖానాలు ఒక్కొక్కటిగా తగ్గిపోయాయి. ఆల్విన్ 1990ల్లో చెదిరిపోయింది. చిన్న షెడ్లు మిగిలాయి.

ఆ షెడ్లలో మన పిల్లవాడు నేర్చేది ఉస్తాద్-షాగిర్ద్ పద్ధతిలోనే. ముందు ఊడవడం, రజను ఎత్తడం, చాయ్ తేవడం. తర్వాత టూలు సాన పట్టడం. చేతులకు తొడుగులు వేసుకుని, వదులు కుర్తా చేతులతో తిరిగే చక్ దగ్గరికి పోకూడదని మొదటి రోజే చెబుతారు, అది మంచి మాట. లోహం అరిచే చప్పుడును బట్టి టూలు మొద్దుబారిందని పట్టే చెవి ఆ పద్ధతిలోనే వస్తుంది, ఏ కాలేజీలోనూ రాదు. అయితే డ్రాయింగు చదవడం, టాలరెన్సు అంటే ఏమిటి, చక్రాల లెక్క – ఇవి చాలామంది ఉస్తాదులు చెప్పరు. దాచుకుని కాదు, వారికీ ఎవరూ చెప్పలేదు.

1952లో అమెరికా ఎం.ఐ.టి.లో అంకెలతో నడిచే మిల్లింగ్ మిషన్‌ను చూపించారు. దాని మనవడే నేటి సి.ఎన్.సి. ఇక్కడ చక్రాలు మార్చే పని లేదు, పిచ్ ఎంతో ప్రోగ్రాములో రాస్తే చాలు. అందుకే ఈ మిషన్ దగ్గర రెండు రకాల మనుషులున్నారు. జాబ్ బిగించి బటన్ నొక్కేవాడు ఒకడు. ప్రోగ్రాము రాసి, టూలు అరిగినప్పుడు ఆఫ్‌సెట్ సరిచేసే సెట్టర్ ఒకడు. జీతంలో తేడా అక్కడే వస్తుంది. ఇరవై ఏళ్లు ఖరాద్ పట్టిన మనిషి లోహం తెలిసి ఉండి కూడా, కాగితం తెలియక మొదటివాడిగా చేరవలసి రావడం నాకు బాధగా ఉంటుంది.

ఐ.టి.ఐ.లో టర్నర్, మెషినిస్టు కోర్సులు రెండేళ్లవి. 1961 అప్రెంటిసుల చట్టం కింద కార్ఖానాలో స్టైపెండుతో నేర్చుకునే వీలుంది. 2015 నుంచి కేంద్ర నైపుణ్య పథకంలో, ఇదివరకే పని వచ్చినవారిని పరీక్షించి సర్టిఫికెట్టు ఇచ్చే పద్ధతి కూడా వచ్చింది. షెడ్డులో పెరిగిన మనవాళ్లకు ఈ చివరిదే దగ్గరి దారి. ఆ పరీక్షలో కూడా డ్రాయింగు అడుగుతారు.